శుక్రవారం జలుబు

శుక్రవారం వచ్చిందంటే చాలు, సువర్చల హెడ్‌ఫోన్లకు జలుబు చేసేది.

మిగతా ఆరు రోజులూ వాటికి వంక పెట్టడానికి లేదు. పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున వచ్చే సన్నటి చిటచిట, గేటు గడియ పడిన చప్పుడు, భర్త వీరభద్రం పేపరు మడతపెట్టే గరగర, అన్నీ దేనికది విడివిడిగా వినిపించేవి. శుక్రవారం పొద్దెక్కాక మాత్రం లోకమంతా దుప్పటి ముసుగు తన్ని పడుకున్నట్టయ్యేది. హారతి గంట కొడితే చెక్క మీద కొట్టినట్టుండేది. వీరభద్రం పిలుస్తుంటే పక్కింట్లోంచి పిలుస్తున్నాడేమో అనిపించేది. శనివారం తెల్లవారేసరికి మళ్లీ మామూలే.

ఈ సంగతి ఆమె ఆ హెడ్‌ఫోన్లు తయారుచేసిన ఫణిశ్రీకి ఫోనులో సందేశం పెట్టింది. ఫణిశ్రీ వచ్చి చెవి మెత్తలు మార్చింది. మరో శుక్రవారం మళ్లీ జలుబు. మళ్లీ మార్చింది. మూడోసారి ఇంకో రకం స్పాంజి తెచ్చింది.

"శుక్రవారం పూజా, నైవేద్యం అని వంటింట్లో ఎక్కువసేపు ఉంటారు కదా ఆంటీ, ఆవిరికి స్పాంజి తడిసిపోతోంది," అంది.

సువర్చల కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన మనిషి. చదువు పెళ్లితో ఆగినా ప్రయోగం చేసి చూసే అలవాటు ఆగలేదు. ఒక శుక్రవారం పొయ్యి వెలిగించకుండా, హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పించి, పొద్దుటి నుంచీ ఫ్యాను కింద కూర్చుంది. జలుబు దాని వేళకి అది వచ్చింది. తర్వాతి మంగళవారం కావాలనే పులిహోర, బూరెలు, పరమాన్నం అన్నీ వండి, వంటింటిని ఆవిరితో నింపేసింది. హెడ్‌ఫోన్లు తుమ్మనైనా తుమ్మలేదు. పని రోజున పండగ భోజనం దొరికిన వీరభద్రం కారణం అడగలేదు, రెండోసారి పరమాన్నం అడిగాడు.

"తప్పు ఆవిరిది కాదు," అనుకుంది సువర్చల.

*

నాలుగేళ్ల కిందట ఒక విషజ్వరానికి వాడిన మందులు ఆమె ప్రాణాన్ని నిలబెట్టి వినికిడిని పట్టుకుపోయాయి. చెవి మిషన్లు కొన్నారు. అవి చప్పుడును పెద్దది చేశాయి తప్ప మాటను మాట చేయలేకపోయాయి. డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టుందని తీసి పెట్టేసింది. ఆ తర్వాత ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. సగం అర్థమయ్యేది, మిగతా సగానికి నవ్వేది.

అప్పుడు వీరభద్రం ఎవరో చెప్పగా విని, కాకినాడ బీచి దారిలో పాత ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ప్రయోగశాల పెట్టుకున్న ఫణిశ్రీ దగ్గరికి తీసుకువెళ్లాడు. ఫణిశ్రీ ముందు తన చెవిలోనే సన్నటి గొట్టం పెట్టుకుని మీట నొక్కింది. తెర మీద ఒక గీత లేచి పడింది. దాని వెనకే ఇంకో చిన్న గీత, నూతిలోకి పిలిస్తే తిరిగొచ్చే పిలుపులా, లేచింది. తర్వాత గొట్టాన్ని సువర్చల చెవిలో పెట్టింది. మొదటి గీత లేచింది. రెండోది లేవలేదు.

"చూశారా?" అంటూ ఫణిశ్రీ కాగితం మీద రాసి చూపించింది. "మంచి చెవి శబ్దాన్ని ఊరికే తీసుకోదు. తనవంతు కలిపి కొంచెం తిరిగిస్తుంది. ఆ తిరిగిచ్చేదే మాటను మాటగా విడదీస్తుంది. మీకు పోయింది అది. ఇంకొకరి చెవి తిరిగిచ్చిన దాన్ని తెచ్చి మీ నరానికి అందిస్తాను."

"ఎవరి చెవి?"

"పేరు చెప్పకూడదు. దాత నమూనా ఒక్కసారి తీసుకుంటే చాలు. ఆవిడకేమీ కాదు."

వీరభద్రం తన చెవులు ఇస్తానన్నాడు. ఇరవై ఏళ్లు ఎరువుల కర్మాగారంలో మిషన్ల పక్కన పనిచేసిన చెవులు, అవి పనికిరాలేదు.

హెడ్‌ఫోన్లు మొదటిసారి పెట్టిన రోజు ఫణిశ్రీ ఊపిరి బిగబట్టి నిలబడింది. సువర్చలకు మొదట వినిపించింది ఆమె మాట కాదు, వెనక నుంచి వీరభద్రం ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ముందు ముక్కు చీదుకోండి," అంది సువర్చల.

ఆ పరికరాన్ని రోజంతా పెట్టుకున్న మొదటి మనిషి ఆమే కనక, ఉన్న లోపాలన్నీ మొహమాటం లేకుండా చెప్పమంది ఫణిశ్రీ. అలా అడిగి ఆ పిల్ల ఏరి కోరి కొరివితో తల గోక్కుంది. తల మీది పట్టీ ముడి వేసుకున్న చోటే నొక్కుతోందని చెబితే పట్టీని వెనక్కి వంచింది. దుద్దుల శీలలు గుచ్చుకుంటున్నాయంటే, దుద్దులు తీసేయమనకుండా, మెత్తలకు ఆ చోట చిన్న గుంట పెట్టింది. కాకినాడ ఉక్కకు తోలు పొరలు పొరలుగా లేచిపోతుంటే సువర్చల తనే పాత మల్లు పంచె చింపి తొడుగులు కుట్టి, కుంకుడు రసంలో ఉతికి, రోజుకో జత మార్చేది. మధ్యాహ్నానికి మెడ లాగుతోందంటే బరువు తగ్గించింది. ఆర్నెల్లు తిరిగేసరికి తల మీద అవి ఉన్న సంగతే మరిచిపోయి ఆమె ఒకసారి వాటితోనే స్నానానికి వెళ్లబోయింది.

ఇన్నీ సర్దగలిగిన పిల్ల శుక్రవారం జలుబు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లలోకి చూసేది కాదు. స్పాంజి వైపు చూసేది.

*

పైవాటాలో తోటికోడలు సత్యవేణి ఉంటుంది. బావగారు పోయి ఎనిమిదేళ్లయింది. పిల్లల్లేరు. పెళ్లిళ్లకి గొట్టం కాజాలు ఆర్డరు మీద చేస్తుంది. ఆవిడ బాణలి ముందు నిలబడి కాజాల రంగు చూడదు. బుడగల చప్పుడు సన్నబడగానే తీసి పాకంలో వేస్తుంది. "నూనె మాట చెబుతుందే, వినాలిగానీ," అంటుంది.

ఆవిడ నోటికి జడిసి పాలవాడు గేటు దగ్గరే బూట్లు విప్పేస్తాడు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇరవయ్యారేళ్లలో సువర్చల ఆవిడ నుంచి ఒక్క మెచ్చుకోలు మాట విన్న పాపాన పోలేదు. వినికిడి పోయిన కొత్తల్లో, పోనీలే ఆ బాధ తప్పింది అనుకుంది కూడా. చిత్రంగా ఆ మూడేళ్లూ సత్యవేణి కిందికి రావడమే మానేసింది. హెడ్‌ఫోన్లు వచ్చాక మళ్లీ మొదలుపెట్టింది. ముగ్గు వంకర, కొబ్బరికాయ ముదురు, చీర కట్టు పొట్టి.

దాంతోపాటు కొత్త వేషం ఒకటి మొదలైంది. రోహిణి ఎండల్లో చెవుల చుట్టూ ఉన్ని మఫ్లరు.

"అదేంటి అక్కయ్యా, ఈ ఉక్కలో?"

"చెవుల్లో గాలి పడట్లేదే. నీకేం, నువ్వు టోపీ పెట్టుకు తిరుగుతున్నావుగా."

వినికిడి లేని రోజుల్లో సువర్చలకు ఒక అలవాటు పట్టుకుంది. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తను పైకే మాట్లాడుకునేది. హెడ్‌ఫోన్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు. పైనుంచి వచ్చిన గుమ్మడికాయ పులుసు రుచి చూసి, "ఈవిడ చేతికి బెల్లం అందకూడదు, పులుసు పాయసమైపోతుంది," అనుకుంది ఒకరోజు. తర్వాత వచ్చిన పులుసులో బెల్లం జాడే లేదు. గిన్నె బల్ల మీద ఠంగున దిగింది. ఇంకోరోజు, "ఆ మఫ్లరులో పెళ్లికొచ్చిన ఎలుగుబంటిలా ఉంది," అని నవ్వుకుంది. మర్నాటికి నల్ల మఫ్లరు పోయి పూల మఫ్లరు వచ్చింది. సువర్చల ఆశ్చర్యపడింది కానీ అంతకు మించి ఆలోచించలేదు. పూలయినా ఎలుగుబంటి ఎలుగుబంటే అనుకుంది, అదీ పైకే.

ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. పైన కుక్కరు ఎప్పుడూ నాలుగు కూతలకి ఆగేది. ఈమధ్య ఏడూ ఎనిమిదీ కూస్తోంది. కూరలబండి వాడు పిలిచి పిలిచి వెళ్లిపోతున్నాడు. ఒక పెళ్లివారైతే కాజాలు నల్లబడ్డాయని బుట్ట తిప్పి పంపారు. సత్యవేణి ఆ పూటంతా ఎవరినీ తిట్టలేదు.

*

ఆ శుక్రవారం హెడ్‌ఫోన్లకు జలుబు చేసిన కాసేపటికి సువర్చల ఖాళీ గిన్నె ఇవ్వడానికి పైకి వెళ్లింది. గుమ్మంలోనే వాము, వెల్లుల్లి వేసి కాచిన నూనె వాసన. తలంటు పోసుకున్న సత్యవేణి తలకు తువ్వాలు చుట్టుకుని, గుమ్మానికి వీపు పెట్టి సాంబ్రాణి ముందు కూర్చునుంది. ప్రతి శుక్రవారం తలంటుకు ముందు రెండు చెవుల్లోనూ గోరువెచ్చటి నూనె చుక్కలు వేసుకోవడం ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. తలకు పోసుకోకపోయినా ఫరవాలేదు, చెవికి పోయాలి అంటుంది.

పొయ్యి మీద కుక్కరు కూస్తోంది. మళ్లీ కూసింది. సత్యవేణి కదల్లేదు. సువర్చల లోపలికి వెళ్లి పొయ్యి ఆపింది. ఆ చప్పుడుకీ తిరగలేదు.

పిలుద్దామని సువర్చల నోరు తెరిచేంతలో సత్యవేణి చిటికెనవేలు తువ్వాలు కిందికి పోనిచ్చి చెవిలో గబగబా ఆడించింది.

సువర్చల హెడ్‌ఫోన్లలో బరబరమంది.

వేలు ఆగింది. బరబర ఆగింది. సత్యవేణి నూనె ఇంకా దిగలేదన్నట్టు తల వంచి మళ్లీ ఆడించింది. మళ్లీ బరబర, ఈసారి కుడి చెవిలో.

తువ్వాలు మడత జారింది. చెవి వెనక చింతగింజంత నల్లటి ముక్క, దాని నుంచి చెవిలోకి వెళ్లిన సన్నటి గొట్టం కనిపించాయి.

సువర్చల గిన్నెను చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టి, మెట్లు దిగి, చెప్పులు వేసుకుని నేరుగా ఐసు ఫ్యాక్టరీ షెడ్డుకు వెళ్లింది.

*

ఫణిశ్రీ ఏమీ దాచలేదు. దాచి దాచి అలిసిపోయినట్టుంది.

"మొదట మీకు చెప్పింది నిజమే ఆంటీ. ఒక్క నమూనా చాలనుకున్నాను. నెల తిరక్కుండానే పాడైపోయింది. చెవి రోజుకోలా ఉంటుంది. నిన్నటి చెవి ఇవాళ్టికి పనికిరాదు. అప్పటికి మీరు పాలు పొంగే చప్పుడు గురించి నాకు పేజీడు సందేశం పెట్టి ఉన్నారు. మళ్లీ పోతుందని మీకు ఎలా చెప్పను? ఆవిడతో చెప్పాను. రోజంతా పెట్టుకుంటే పనిచేస్తుందా అన్నారు. చేస్తుందన్నాను."

"అంటే నాకు వినపడేదంతా..."

"ముందు ఆవిడ చెవికి వెళ్లి, అక్కడి నుంచి మీకొస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు."

"అప్పుడు ఆవిడకి కూడా వినిపిస్తుందా?"

ఫణిశ్రీ నేల చూసింది. "సన్నగా. మీ చుట్టూ ఉన్న చప్పుళ్లన్నీ. మీ మాటలు కూడా."

సువర్చల కుర్చీలో కూర్చుంది. పాయసం, ఎలుగుబంటి, ఇంకా ఇలాంటివి ఎన్నో వరసగా గుర్తొచ్చాయి. సంవత్సరం మాటలు.

"ఆవిడ చెవులకేమవుతోంది? స్పాంజి వైపు చూడకుండా చెప్పు."

"అరిగిపోతున్నాయి," అంది ఫణిశ్రీ. "చెవి తిరిగివ్వాలంటే దాన్ని పొద్దుటి నుంచి రాత్రిదాకా తట్టి లేపుతూ ఉండాలి. సన్నటి చప్పుళ్లు ఆవిడకి ఇప్పటికే పోయాయి. పోయినవి తిరిగిరావు. ఆపేద్దామని రెండుసార్లు అన్నాను, ఇంకో నెల చూద్దాం అన్నారు. మీకు చెబితే ముక్క తీసి సముద్రంలో పారేస్తానన్నారు. నేను గట్టిగా నిలబడాల్సింది. నా పరికరం పనిచేస్తోంది కదా అని మెత్తబడ్డాను."

తర్వాత సువర్చల నూనె సంగతి చెప్పింది. జబ్బులూ మందులూ అన్నీ అడిగాం కానీ నూనె గురించి అడగాలని తట్టలేదంటూ ఫణిశ్రీ తెర ముందుకు జరిగి, సత్యవేణి చెవి పాత కొలతలన్నీ బయటికి తీసింది. కిందికి దిగుతూ వచ్చిన గీత వారానికోసారి కాస్త పైకి లేచింది.

"ఆ ఒక్కరోజు నూనె అడ్డం పడి చెవికి విశ్రాంతి దొరికింది ఆంటీ. మీరు జలుబు అంటున్నదే ఆవిడ చెవుల్ని ఈమాత్రమైనా నిలబెట్టింది. లేకపోతే ఇంకా చాలా పోయేవి."

"అయితే విశ్రాంతి ఇస్తే నిలుస్తాయన్నమాట. రోజులో ఎంతసేపు వాడితే అరగవు?"

ఫణిశ్రీ లెక్క కట్టింది. "గంట. అంతకు మించితే నేను ఒప్పుకోను. ఈసారి నిజంగా ఒప్పుకోను."

*

మర్నాడు పొద్దున వీరభద్రం డ్యూటీకి వెళ్లాక సువర్చల వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి, హెడ్‌ఫోన్లు సర్దుకుంది. పైన అప్పడాలకర్ర దొర్లుతున్న చప్పుడు వస్తోంది. కాజాల పిండి కావచ్చు. ఆమె గొంతు తగ్గించి, పొయ్యితో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"అక్కయ్యా, నిన్న నూనెలో వాము ఎక్కువేశావు. ఘాటు మెట్లదాకా వచ్చింది."

పైన కర్ర ఆగింది.

"పులుసు మాట నీకు చెప్పాలని అన్నది కాదు. నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఆరోజు అది పాయసమే." ఆమె గరిటెతో పాలు కలిపింది. "ఇవి పొంగే ముందు చిటచిటమంటాయి చూడు. మూడేళ్ల తర్వాత అది మొదటిసారి వినపడ్డ రోజు నేను పొయ్యి కట్టెయ్యలేదు. వింటూ నిలబడి శేరు పాలు పొంగబెట్టేశాను. ఆ చప్పుడు నీ దగ్గర్నుంచి వస్తోందని తెలీదు. వానకి రేకు మోగడం, ఆయన గురక, కాకి అరుపు, అన్నీ నీవే. నీకు దండం పెడదామంటే నువ్వు ఎదురుగా లేవు. ఉంటే పెట్టనివ్వవు. అందుకని ఇక్కడ చెబుతున్నాను."

పాలు చిటచిటమన్నాయి. సువర్చల చివరిదాకా విని పొయ్యి ఆపింది.

మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. చేతులకు పిండితో, పూల మఫ్లరు ఒక పక్కకు వేలాడుతుండగా సత్యవేణి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఆ పిల్ల చెప్పేసిందన్నమాట."

"ఫణిశ్రీ చెప్పలేదు. నీ చిటికెనవేలు చెప్పింది."

సత్యవేణి తన వేలు వైపు చూసుకుంది. "ఎలుగుబంటికి దండం పెడతావా? సిగ్గులేకపోతే సరి."

"ఎందుకు చేశావక్కయ్యా? కాజాలు నల్లబడుతున్నాయి. నూనె మాట నీకు వినపడట్లేదు."

"కాజాలు గడియారం చూసి తీస్తాను, ఏం పోయె." సత్యవేణి గుమ్మానికి ఆనుకుంది. గొంతు మార్చకుండానే అంది. "మీ బావగారు పోయాక నాకు మాట్లాడ్డానికి మిగిలింది నువ్వు. మాటంటే నాకు తిట్టే వచ్చు, అది నీకూ తెలుసు. తిడితే నువ్వు తిరిగి రెండనేదానివి. చెవులు పోయాక ఎంత తిట్టినా నవ్వేదానివి. స్తంభాన్ని తిట్టినట్టుండేదే. మూడేళ్లు స్తంభంతో కాపరం చేశాను. ఇంక నావల్ల కాలేదు."

సువర్చల పాలగిన్నె దించి, చేతులు తుడుచుకుంది. తర్వాత ఫణిశ్రీ చెప్పిన లెక్క చెప్పింది. రోజుకు గంట. శుక్రవారం అదీ లేదు.

"గంటా? నా తిట్లకి గంట ఏ మూలకే? ఒక్క నీ ముగ్గుకే అరగంట పడుతుంది."

"అయితే ఏరి ఏరి తిట్టు. నేనూ ఏరే అంటాను."

"మరి పాల చప్పుడూ?"

"చూసి దింపుతాను. నువ్వు గడియారం చూసి కాజాలు తియ్యట్లేదూ?"

సత్యవేణి కొంతసేపు వాదించింది, నీ మొండితనం మీ పుట్టింటి నీళ్లలోనే ఉందంది, రెండు గంటలకు బేరమాడింది. సువర్చల ఒక్క నిమిషం కూడా పెంచలేదు. ఆఖరికి సత్యవేణి మఫ్లరు లాగేసి బల్ల మీద పడేసింది. "అబ్బ, చచ్చాను ఈ ఉక్కలో," అంది.

*

ఇప్పుడు ఆ గంట సాయంకాలం, వెనక మెట్ల మీద. సత్యవేణి చెవి ముక్క, సువర్చల హెడ్‌ఫోన్లు, మధ్యలో టీ. వీరభద్రం ఆ గంటలో తన కుర్చీ కూడా అక్కడికే తెచ్చుకుని, రోజంతా దాచుకున్న కబుర్లు చెబుతాడు. అతని వంతు వచ్చేది సందు దొరికినప్పుడే. మిగతా అంతా వాళ్లిద్దరిదీ. సత్యవేణి మాట సత్యవేణి చెవిలోంచే వడకట్టుకుని సువర్చలకు చేరుతుంది. ఈ లోకంలో మరెవరి మాటా తనకింత స్పష్టంగా వినపడదని సువర్చల ఒకసారి అంది. "వినపడితే సరా, ఆచరించాలి," అంది సత్యవేణి.

గంట కాగానే సువర్చల హెడ్‌ఫోన్లు తీసి, ఉతికిన తొడుగు వేసి, గోడ మేకుకు తగిలిస్తుంది. తర్వాత వచ్చే నిశ్శబ్దం మునుపటి నిశ్శబ్దం కాదు. అది ఒకరి చెవులు నిద్రపోతున్న నిశ్శబ్దం. ఇంట్లో పసిబిడ్డ పడుకున్నప్పటిలా ఆమె అందులో మెల్లగా తిరుగుతుంది. పైన కుక్కరు ఎన్ని కూతలు కూస్తోందో ఆమెకు తెలియదు. కాజాల బుట్ట తిరిగొచ్చిందని మాత్రం మళ్లీ వినలేదు.

శుక్రవారాలు హెడ్‌ఫోన్లు మేకు దిగవు. ఆరోజు సువర్చల వాము తగ్గించి నూనె కాచి, మోచేతి మీద వేసి వేడి చూసుకుని, పైకి తీసుకువెళుతుంది. సత్యవేణి ఆమె ఒళ్లో తల పెట్టి పక్కకు తిరిగి పడుకుంటుంది. సువర్చల చెవి తమ్మె కొద్దిగా లాగి, దూది కొసతో ఒక్కొక్క చుక్కా వేస్తుంది. ఈ చెవి అయ్యాక ఆ చెవి.

సత్యవేణి పెదవులు ఆపకుండా కదులుతూనే ఉంటాయి. వేడెక్కువైందనో, ఒంపడం చేతకాదనో, నీ చేతికి ఏ పనీ సరిగా రాదనో. సువర్చల ఒక్క ముక్కా వినకుండా అన్నీ చదువుకుంటుంది. తలాడించి, తనూ తిరిగి రెండంటుంది. చెవుల నిండా నూనెతో ఉన్న సత్యవేణి ఆ రెండింటినీ ఆమె పెదవుల మీదే చదువుకుని, మూడోది అందుకుంటుంది.